లిఖ్టెనౌ స్టేషనులోని ఛాయాచిత్రము



కెనడాలోని మెన్నొనైటు కుటుంబముల పాత ఆల్బములలో ఒక విధమైన ఛాయాచిత్రము తరచుగా కానవచ్చును. దక్షిణ ఉక్రెయినులోని లిఖ్టెనౌ అను చిన్న రైల్వే స్టేషను, కాలము 1924. గూడ్సుబండి నిలిచియున్నది. పెట్టెల తలుపులయొద్ద కొందరు, ప్లాట్‌ఫారముమీద కిక్కిరిసిన జనము. ఆ పటమును గ్రహింపవలెనన్న అంతకు ముందరి పటములను కూడ చూడవలెను.

మెన్నొనైటులు పదునారవ శతాబ్దమున హాలండు ప్రాంతమందు వెలసిన క్రైస్తవ శాఖవారు. మెన్నో సైమన్స్ అను బోధకుని పేరిట వారికీ నామము కలిగెను. ఆయుధము పట్టరాదనుట, వయసు వచ్చి తెలిసిన పిదపనే బాప్తిస్మము పొందవలెననుట వారి మూలనియమములు. హింసకు తాళలేక వారు విస్టులా నదీముఖమునకును, అచ్చటినుండి రెండవ కాథరీన్ రాణి ఆహ్వానముపై రష్యాకును వలసపోయిరి. 1789లో నీపర్ నదియొడ్డున ఖోర్టిట్సా, 1804లో మొలోచ్నా అను వలసలు ఏర్పడెను. కుటుంబమునకు 65 దెస్యాతినల భూమి, అనగా సుమారు 175 ఎకరములు, సైనికసేవనుండి మినహాయింపు, తమ బడి, తమ భాష. 1874 నాటి సైనికచట్టముతో ఆ మినహాయింపునకు భంగము కలుగగా సుమారు 18,000 మంది అమెరికా, కెనడాలకు తరలిరి. మిగిలినవారు సైన్యమునకు బదులు అడవుల పెంపకపు కొలువునకు ఒప్పుకొని నిలిచిపోయిరి.

ఈ నిలిచినవారి లోకమే ఆల్బములలో ఎక్కువగా కనబడును. పీటర్ గెర్‌హార్డ్ రెంపెల్ అను ఛాయాగ్రాహకుడు 1890–1917 నడుమ తీసిన పటములను 1981లో గ్రంథముగా వెలువరించినప్పుడు దానికి ‘ఎప్పుడును వేసవి, ఎప్పుడును ఆదివారము’ అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఇంతకన్న తగిన పేరు దొరకదు. ఇటుకగోడల ఇల్లు, పండ్లతోట, చెట్లక్రింద బల్ల, ఇస్త్రీచేసిన దుస్తులలో పిల్లలు. మరణము కూడ ఆ ఆల్బములలో క్రమముగానే కూర్చుండును: తెరచిన శవపేటిక చుట్టును బంధువులు నిలిచి తీయించుకొన్న పటములు ఎన్నో యున్నవి. అంత్యక్రియలకు రాలేని దూరదేశపు బంధువులకు వానిని పంపెడివారు. మనకు అది వింతగా తోచవచ్చును గాని, సముద్రమునకు ఆవల నున్న కుమారునకు తల్లి ముఖము చివరిసారి చూపుటకు వేరు మార్గమేమున్నది?

ఆ ఆదివారపు చట్రములోనికి రానివారును కలరు. కల్లములలో శ్రమించిన ఉక్రెయిను కూలివారు పటములలో అరుదు. 1860ల నాటికి మొలోచ్నాలో సగమునకు మించిన మెన్నొనైటు కుటుంబములకే సొంతభూమి లేదు. గ్రామసభలో ఓటు మాత్రము భూమిగలవారిదే. దేశమునకు నిప్పంటుకొన్నప్పుడు పొరుగువారి కోపము ఈ తోటలపైకి ఎందుకు మళ్లెనో ఆ పటములు చెప్పజాలవు. హత్యలకు ఇది సమర్థన కాదు; అయినను పటము చూచువాడు దీనిని విస్మరింపరాదు.

ఈ మొలోచ్నా మనవారికి బొత్తిగా పరాయిది కాదు. రష్యాలోని మెన్నొనైటు సహోదర సంఘమునకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో బయలుదేరి వచ్చి, అమెరికను బాప్టిస్టు మిషనుతో కలిసి నల్లగొండలో పనిచేసిరి. ఆ గోధుమపొలముల పల్లెలు నల్లగొండకు ధనము పంపెడివి. మొదటి ప్రపంచయుద్ధముతో ఆ త్రోవ తెగిపోయెను.

పిదప అంతర్యుద్ధము. 1919 అక్టోబరులో ఐఖెన్‌ఫెల్డ్ అను గ్రామమున ఒక్కరాత్రిలో డెబ్బదిమందికి మించి హతులైరి. వెంటనే టైఫస్ జ్వరము, 1921–22లో కరవు. కుటుంబముల ఆల్బములలో ఈ కాలమునకు చెందిన పుటలు మిక్కిలి తక్కువ. అన్నము లేనినాడు పటము తీయించుకొనువారెవరు?

కెనడియన్ పసిఫిక్ రైల్వే అప్పుమీద ప్రయాణమునకు ఒప్పుకొనెను. ఆస్తి హామీ ఏమియు లేదు; కెనడాలోని సాటివారి మాటయే హామీ. 1930 నాటికి సుమారు 20,000 మంది ఆ దేశము చేరిరి. ఆ అప్పు తీరుటకు 1946 వరకు పట్టెను. లిఖ్టెనౌలో బండియెక్కినవారి సంచులలో ఎండబెట్టిన రొట్టెలు ఉండెడివి. లాట్వియా సరిహద్దు దాటిన క్షణమున స్తోత్రగీతములు పాడిరి.

కాని వైద్యులు కనురెప్పలు తిరుగవేసి చూచెడివారు. ట్రకోమా అను కంటిజబ్బు ఉన్నవారికి కెనడాలో ప్రవేశము లేదు. అట్టివారిని జర్మనీలోని లెఖ్‌ఫెల్డ్‌లోను, ఇంగ్లండులో సౌతాంప్టన్ దగ్గర అట్లాంటిక్ పార్కులోను చికిత్సకై నిలిపివేసిరి. తండ్రి ఒక దేశమున, బిడ్డ వేరొక దేశమున, నెలల తరబడి. ఒకే కుటుంబమునకు రెండు చోట్ల తీసిన పటములు అందువలననే కలవు.

1929లో అనుమతికై వేలమంది మాస్కో చేరిరి. కొన్నివేలమందిని జర్మనీకి పోనిచ్చి, మిగిలినవారిని బలవంతముగా వెనుకకు మరలించిరి. 1937–38 నాటికి విదేశమునుండి వచ్చిన ఉత్తరము ఇంట దొరకుటయే ప్రాణాపాయము.

ఇప్పుడు లిఖ్టెనౌ పటమును మరల చూడుడు. బండిలో పోవువారెవరో, వీడ్కోలు చెప్ప వచ్చినవారెవరో పోల్చుట కష్టము. అందరివియు ఒకేరకపు కోటులు, ఒకేరకపు తలగుడ్డలు. ఇట్టి పటముల వెనుక అమ్మమ్మలు పాత జర్మను చేతివ్రాతలో పేర్లు వ్రాసియుంచిరి. ఆ లిపి చదువగల మనుమలు అరుదు. చదివించుకొన్నచోట పేర్లు మాత్రము తెలియును. ఎవరు బండియెక్కిరో, ఎవరు ఇంటికి మరలిరో వ్రాయలేదు. వ్రాసిన ఆమెకు ఆ సంగతి వ్రాసికొన నక్కరలేకపోయెను.