చూద్దాం, అడుగుదాం, చదువుదాం, రాద్దాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



"సార్, పిల్లలకు స్ఫూర్తినిచ్చే మాటలు నాలుగు చెప్పండి" అని నిర్వాహకులు నన్ను పిలిచారు. నేను పెద్ద వక్తను కాను. చాలా ఏళ్లు ఆశ్రమ పాఠశాలల్లో సైన్సు చెప్పి రిటైరైన పంతులును. నాకు మూడు పిచ్చిలున్నాయి. ఒకటి సైన్సు. రెండోది అడవిలో పక్షులు, జంతువులు. మూడోది కథలు, నవలలు. ఈ మూడింటి గురించే మాట్లాడతాను. ఎందుకంటే ఈ మూడూ వేరువేరు కాదని నాకు ఈ వయసులో అర్థమైంది.

ముందు ఒక ప్రశ్న. మీలో ఇప్పపువ్వు ఏరినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం కంటే ఎక్కువే ఉన్నారు. మరి ఆ పువ్వు తెల్లవారుజామునే ఎందుకు రాలుతుంది? మధ్యాహ్నం ఎందుకు రాలదు?

ఈ ప్రశ్న నేను వేసింది కాదు. ఏడో తరగతి పాప ఒకతి నన్ను అడిగింది. నాకు జవాబు తెలియలేదు. చిన్నప్పటి నుంచి అవ్వ వెంట గంప పట్టుకుని వెళ్లినవాణ్ణే, ఒక్కసారి కూడా ఆ మాట నాకు తట్టలేదు. ఆ ఏడాది ఎండాకాలంలో టార్చి తీసుకుని రాత్రంతా ఇప్పచెట్టు కింద కూర్చున్నాను. చీకటి పడ్డాక వాసన పెరిగింది. తర్వాత గబ్బిలాలు వచ్చాయి. తీయటి రెక్కల కోసం గుత్తి మీద వాలడం, లేవడం. తరువాత పుస్తకాల్లో వెతికితే సంగతి తెలిసింది. ఇప్పపువ్వు రాత్రివేళ తన దగ్గరికి వచ్చే గబ్బిలం కోసం తయారైన పువ్వు. గబ్బిలం తల మీద అంటుకున్న పుప్పొడి ఇంకో చెట్టుకు చేరుతుంది. ఆ పని అయ్యాక తీయటి రెక్కలు రాలిపోతాయి. మనం ఏరుకునేది ఆ రెక్కల్నే. పుప్పొడి చేరితేనే కాయ, కాయ ఉంటేనే గింజ, గింజ ఉంటేనే ఇప్పనూనె. గబ్బిలాన్ని రాయి పెట్టి కొట్టే కుర్రవాడు తన ఇంటి నూనె గిన్నెనే కొడుతున్నాడన్నమాట.

సైన్సు అంటే ఇదే. పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. రోజూ చూసే దాన్ని "ఎందుకు?" అని ఒకసారి అడగడం, జవాబు దొరికేదాకా ఊరుకోకపోవడం.

ఇప్పుడు రాబందుల సంగతి. నా చిన్నతనంలో ఊరి బయట ఎద్దు చచ్చిపడితే ఆకాశంలో రాబందులు తిరిగేవి. మీలో చాలామంది రాబందును బొమ్మలోనే చూసి ఉంటారు. 1990ల్లో అవి దేశమంతటా మాయమయ్యాయి. ఊళ్లో పెద్దలు ఈ మార్పును అందరికంటే ముందు గమనించారు. కానీ కారణం ఎవరికీ తెలియలేదు. ఏదో రోగమన్నారు, కాలం మారిందన్నారు, దేవుడికి కోపం వచ్చిందన్నారు.

2004లో శాస్త్రవేత్తలు అసలు కారణం పట్టుకున్నారు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. పశువులకు వాపు, నొప్పి వస్తే వేసేవారు. ఆ మందు వేశాక కొద్ది రోజుల్లోనే చచ్చిన పశువును తిన్న రాబందుకు కిడ్నీలు పాడై చనిపోయేది. ఒక్క కళేబరం మీద పదుల సంఖ్యలో రాబందులు వాలతాయి. రాబందు ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు. అందుకే నూటికి ఒక్క కళేబరంలో మందు ఉన్నా జాతి మొత్తం కూలిపోయింది. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. మెలాక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదని తేలింది.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు పక్కన పాలరాపు గుట్ట ఉంది. ఆ నిట్టనిలువు రాతిమీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టాయని తెలిసిన రోజు నేను రాత్రి నిద్రపోలేదు. ఇంటామె "నీ చుట్టాలు వచ్చారా?" అని నవ్వింది. చుట్టాలే మరి. మీ ఊళ్లో పశువుకు సూది వేస్తున్నప్పుడు "డాక్టరు గారూ, ఇది ఏం మందు?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఆ గుట్ట మీది గూటిని కాపాడవచ్చు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మన సభల్లో "మన పెద్దలకు అన్నీ తెలుసు" అంటుంటాం. చాలా తెలుసు, నిజమే. అన్నీ తెలియవు. నా తమ్ముడికి తొమ్మిదేళ్లప్పుడు రాత్రి నేల మీద పడుకుని ఉండగా కట్లపాము కరిచింది. కట్లపాము కాటుకు చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు. పొద్దున కడుపునొప్పి అన్నాడు. కళ్లు మూతలు పడుతుంటే నిద్రమత్తు అనుకున్నాం. తర్వాత వేరు అరగదీసి పోశారు. ఆస్పత్రికి బండి కట్టేసరికి ఊపిరి అందలేదు. దారిలోనే పోయాడు. వేరు పోసిన పెద్దాయన మంచివాడే. వాణ్ణి బతికించాలనే చూశాడు. కానీ ఆ విషానికి విరుగుడు ఆస్పత్రిలో ఇచ్చే సూదిమందే. ఈ మాట ఆ రోజు మా ఇంట్లో ఒక్కరికి తెలిసి ఉన్నా వాడు ఈ రోజు మీ ముందు కూర్చునేవాడేమో. నేను సైన్సు పంతులునైంది అందుకే. కాబట్టి పెద్దల మాటను గౌరవిద్దాం, పరీక్షించి చూద్దాం. పాము కరిస్తే మాత్రం పరీక్షలు వద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా ఆస్పత్రికి పోవాలి.

సరే, సైన్సు పంతులుకు కథలతో ఏం పని? ఇది నన్ను అందరూ అడిగేదే. డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' చదివాక నాకు నవలల పిచ్చి పట్టింది. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి పోతాడు. కథంతా దాదాపు ఒక్క రాత్రిలో నడుస్తుంది. రాసిన ఆయన వైద్యుడు. చీకట్లో అడవి ఎట్లా వినబడుతుందో ఏ పాఠ్యపుస్తకమూ నాకు అంత బాగా చెప్పలేదు.

ఇంకొకటి 'వనవాసి'. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ బెంగాలీలో రాసిన 'ఆరణ్యక్'కు తెలుగు. రచయిత స్వయంగా బీహారు అడవి ప్రాంతంలోని ఒక ఎస్టేటులో ఉద్యోగం చేసినవాడు. కథలో కూడా కలకత్తా నుంచి ఒక చదువుకున్న యువకుడు మేనేజరుగా వస్తాడు. మొదట అతనికి అడవిలో పొద్దుపోదు. మెల్లగా ఆ అడవి మీద ప్రాణం పెట్టుకుంటాడు. కానీ అతని ఉద్యోగం ఏమిటి? ఆ భూమిని కౌలుకు పంచడం. అంటే అడవిని కొట్టించడం. ప్రేమించినవాడి చేతి మీదుగానే అడవి పోతుంది. అది చదివి నేను చాలాసేపు కదల్లేదు. అడవిని నాశనం చేసేవాళ్లంతా దుర్మార్గులు కాదని, ఉద్యోగం చేసుకునే మంచివాళ్ల చేత కూడా ఆ పని జరుగుతుందని నాకు లెక్కలు చెప్పలేదు, నవల చెప్పింది.

ఆ నవలలో భానుమతి అనే ఆదివాసీ అమ్మాయి ఉంది. రాజవంశంలో పుట్టి పేదరికంలో బతుకుతున్న పిల్ల. భారతదేశం ఎటువైపు ఉందో కూడా ఆమెకు తెలియదు. రచయిత ఆమెను ఎంతో ప్రేమగా రాశాడు. కానీ చదివినప్పుడల్లా నాకు ఒక ప్రశ్న. ఈ కథను భానుమతే రాసి ఉంటే ఎట్లా ఉండేది? గుర్రమెక్కి వచ్చిన ఆ మేనేజరు ఆమెకు ఎట్లా కనబడ్డాడు? చెల్లెళ్లూ, ఆ పుస్తకం ఇంకా ఎవరూ రాయలేదు. అది మీరు రాయాలి.

చివరిగా కలివి కోడి కథ చెప్పి ముగిస్తాను. 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ వైద్యుడు ఈ పక్షిని లోకానికి తెలియజేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదని, జాతి అంతరించిందని పుస్తకాల్లో రాసేశారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో దాన్ని మళ్లీ కనుగొన్నారు. ఎట్లా కనుగొన్నారు? అక్కడి పల్లె జనాన్ని అడిగారు. కలివి పొదల్లో తిరిగే పక్షి కాబట్టి వాళ్లు దాన్ని కలివి కోడి అనేవారు. పుస్తకాలకు 86 ఏళ్లు కనబడని పక్షికి పల్లెలో పేరుంది. కానీ ఆ పేరు కాగితం మీద లేదు. అందుకే ఆ పక్షి లోకానికి లేనట్టే అయిపోయింది.

మన అవ్వల నోట్లో ఇట్లాంటి పేర్లు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. ప్రతి చెట్టుకు, పురుగుకు, పక్షి కూతకు మన భాషలో ఒక పేరు. నాకు సగం కూడా తెలియవు. మా అవ్వ పోయినప్పుడు ఆమెతోపాటే ఎన్ని పోయాయో నాకు లెక్క లేదు. నేను అడగలేదు. ఈ సభలో నా తప్పు ఒప్పుకుంటున్నాను.

మీరు ఆ తప్పు చేయకండి. పది రూపాయల నోటుబుక్ ఒకటి కొనండి. ఈ రోజు ఏం చూశారు, ఎక్కడ, ఏ తేదీ, అవ్వ దాన్ని ఏమంటుంది, ఇవి చాలు. తెలుగులో రాయండి, గోండిలో రాయండి. మన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మన లిపి కంప్యూటర్లకు ఎక్కే దారి తెరుచుకుంది. నెలకొక కథల పుస్తకం చదవండి. అర్థం కాని ప్రశ్న ఏదైనా ఉంటే నా దగ్గరికి రండి. నాకు జవాబు తెలియకపోతే టార్చి నా దగ్గర ఇంకా ఉంది. కలిసి చెట్టు కింద కూర్చుందాం.