దూరం వేరు, ప్రయాణ కాలం వేరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుటి నుంచి ఎవరిని పలకరించినా “పిల్లలెక్కడున్నారు?” అన్నదే మొదటి ప్రశ్న. చాలామంది జవాబు అమెరికా. అందుకే ఇంజనీరుగా ఒక చిన్న లెక్క చెబుతాను.

గ్లోబు మీద ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారం బిగించి పట్టుకుంటే అది ఆర్కిటిక్ ప్రాంతం మీదుగా పోతుంది. పొడవు దాదాపు 12,400 కిలోమీటర్లు. అదే అన్నిటికన్నా దగ్గరి దారి. అయితే 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్య నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు పడమరగా, అట్లాంటిక్ మీదుగా నడిపింది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపింది. ఈ దారి 15,300 కిలోమీటర్లు. 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా పధ్నాలుగున్నర గంటల్లో, అంటే దాదాపు రెండు గంటలు ముందే చేరింది!

ఇందులో మాయ లేదు. మన లెక్కల మాస్టారు చెప్పిన పడవ–ప్రవాహం లెక్కే ఇది. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ఏరులా పారుతుంటుంది. తూర్పుకు పోయే విమానానికి అది వాలు, పడమటికి పోయేదానికి ఎదురు. భాగించి చూడండి: పసిఫిక్ దారిలో సగటు వేగం గంటకు 1,055 కిలోమీటర్లు, అట్లాంటిక్ దారిలో 840 మాత్రమే.

గాలితోనే లెక్క అయిపోదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. ఊళ్లు కదల్లేదు, కాలం పెరిగింది.

ఇక టికెట్టు మీద కనిపించని గంటలు. మా నాన్నగారు పోయినప్పుడు తమ్ముడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నాడు. ఇల్లు వదిలి విమానం ఎక్కేసరికి 4 గంటలు, ఢిల్లీ దాకా 16, అక్కడ పడిగాపులు 5, హైదరాబాద్‌కు 2, శంషాబాద్ నుంచి కారులో మన ఊరికి 6. వెరసి 33 గంటలు. టికెట్టు వెంటనే దొరికింది కాబట్టి అంతటితో సరిపోయింది. నాన్నగారిని ఫ్రీజర్ పెట్టెలో ఉంచి ఎదురుచూశాం. ఆ రాత్రి అమ్మ పక్కన కూర్చున్నది ఎవరో కాదు, నా పదో తరగతి స్నేహితులే.

ఆ 33 గంటలు ఏ విమాన సంస్థా తగ్గించలేదు. వాటిని ఇక్కడున్న మనమే పూడ్చాలి. కనుక యాభై ఏళ్లు నిండిన మన సంఘానికి ఒక విన్నపం. పిల్లలు దూరాన ఉన్న మన గురువుల, పెద్దల జాబితా ఒకటి రాద్దాం. ఒక్కో పేరు ఎదురుగా ఈ ఊళ్లోనే ఉంటున్న ఇద్దరు పూర్వ విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాలి. అర్ధరాత్రి ఫోను మోగితే పావుగంటలో తలుపు తట్టగలిగినవాళ్లై ఉండాలి. మొదటి పేరుగా నాది రాసుకోండి.