పనిలేని రోజుల్లో ట్రాక్టరు బ్యాటరీ దిగిపోవడం: కారణం కనిపెట్టే పద్ధతి



దాళ్వా కోతలు ముగిసి ధాన్యం తోలకం అయిపోయిన తరువాత ట్రాక్టరుకు పెద్దగా పని ఉండదు. పాకలోనో చెట్టు కిందనో నిలబెడతాము. మళ్ళీ దాని అవసరం వచ్చేది మృగశిరలో తొలకరి పడిన నాడు. ఆ నాడు తాళం తిప్పితే సెల్ఫ్ టక్కుమని ఊరుకుంటుంది. లైటు వేస్తే ఎర్రగా మిణుకుమంటుంది. తేలిక నేలల్లో పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. బ్యాటరీని ఛార్జింగుకు ఇచ్చి తెచ్చుకొనేసరికి అందులో ఒక రోజు పోతుంది. ఆ వారం షాపులో మీ ముందు ఎన్ని బ్యాటరీలు వరుసలో ఉంటాయో మీకు తెలిసినదే.

ఇలా ఒకటి రెండు ఏళ్ళు జరిగితే "ఈ బ్యాటరీ మంచిది కాదు" అని మరొకటి కొంటారు. కొత్తది కూడా వచ్చే వేసవికి అదే దారి పడుతుంది. ఎందుకంటే చాలాసార్లు దోషం బ్యాటరీలో ఉండదు, మరొక చోట ఉంటుంది. కనుక డబ్బు పెట్టే ముందు కారణం కనిపెట్టవలెను. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. ఒక మల్టీమీటరు, ఒక స్పానరు చాలును.

చెరువులో నీరు తగ్గిందంటే మనం మూడు చోట్ల చూస్తాము. వాగు నీరు సరిగా వచ్చి చేరిందా? తూము ఎవరైనా తెరిచి వదిలారా? కట్టలోనే ఊట పోతున్నదా? బ్యాటరీ సంగతి కూడా ఇంతే. ఛార్జి సరిగా ఎక్కకపోవడం ఒకటి, ఇంజను ఆపిన తరువాత కూడా ఏదో వస్తువు కరెంటు తాగుతూ ఉండడం రెండవది, బ్యాటరీ తనంతట తానే దిగిపోవడం మూడవది. మూడింటినీ ఒకేసారి అనుమానించి ఏమీ తేల్చుకోలేకపోవడం కంటె, ఒకదాని తరువాత ఒకటి విడదీయడం మంచిది.

మొదటి పరీక్ష ఇది. బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయించి, ఒక రాత్రి కదిలించకుండా ఉంచి, మరునాడు ఉదయం వోల్టులు కొలవండి. మంచి 12 వోల్టుల బ్యాటరీ 12.6 గాని, కొంచెం పైన గాని చూపుతుంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు మాత్రమే ఉన్నదని గుర్తు. ఇప్పుడు ఎర్తు వైరు, అంటే ట్రాక్టరు బాడీకి బిగించిన వైరు, బ్యాటరీ నుంచి విప్పి పక్కకు కట్టి ఉంచండి. ఒక వారం ఆగి మళ్ళీ కొలవండి. 12.5కు పైన ఉంటే బ్యాటరీ నిర్దోషి. ట్రాక్టరులోనే ఎక్కడో తూము తెరిచి ఉన్నది. ఏ వైరూ తగిలించకుండానే 12.3కో అంతకంటె కిందికో వస్తే దోషం బ్యాటరీలోనే ఉన్నదని తెలుసుకోవచ్చును.

ట్రాక్టరులో దోషమైతే ఎలా పట్టుకోవాలి? తాళం తీసి, లైట్లన్నీ ఆర్పి, విప్పిన ఎర్తు వైరుకూ బ్యాటరీ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటరు తగిలించండి. మీటరును 10 ఆంపియర్ల స్థానంలో ఉంచి, ఎర్ర వైరును ఆ రంధ్రంలోకి మార్చడం మరువవద్దు. మీటరు అలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టరాదు, మీటరు కాలిపోతుంది. మీటరు లేనివారు అదే చోట 12 వోల్టుల పార్కింగు బల్బు పెట్టి చూడవచ్చును. బల్బు వెలిగితే కరెంటు పోతున్నట్టే. వెలగకపోయినంత మాత్రాన పోవడం లేదని అనుకోవద్దు. చిన్న చిన్న దొంగతనాలు బల్బుకు అందవు, మీటరుకే అందుతాయి.

అంకెలు ఎలా చదవాలో ఒక లెక్క చెబుతాను. అదనపు సామాను ఏదీ లేని పాత ట్రాక్టరులో మీటరు దాదాపు సున్నా చూపవలెను. ఈ రోజుల్లో జి.పి.ఎస్. పెట్టె, పాటల పెట్టె, సెల్‌ఫోను ఛార్జింగు సాకెట్టు బిగించిన ట్రాక్టర్లలో 50 మిల్లీ ఆంపియర్లు పోతున్నదనుకోండి. చూడడానికి అది చాలా స్వల్పం. కాని రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నెలకు 36 అవుతుంది. మీ బ్యాటరీ 75 ఆంపియర్ అవర్లదైతే ఒక్క నెలలో దాదాపు సగం ఖాళీ. ఇక 5 వాట్ల బల్బు ఒకటి ఎక్కడో వెలుగుతూ ఉండిపోతే రోజుకు 10 ఆంపియర్ అవర్లు పోతుంది. వారం తిరిగేసరికి సెల్ఫ్ తిరగదు. బ్రేకు లైటు స్విచ్చి ఇరుక్కుపోవడం ఇటువంటిదే. పగటి వెలుగులో అది కంటికి ఆనదు. ఒక రాత్రి చీకట్లో ట్రాక్టరు చుట్టూ తిరిగి చూస్తే మీటరు పని సగం తప్పవచ్చును.

మీటరు ఎక్కువ చూపితే ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ, తీసినది మళ్ళీ పెడుతూ అంకెను గమనించండి. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె ఒక్కసారిగా పడిపోతుందో, దాని వెనుక ఉన్న వస్తువే దొంగ. ఏ ఫ్యూజుకూ పడకపోతే, ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపినవాటిని చూడవలెను. మన ఊళ్ళలో పాటల పెట్టెలు, అదనపు లైట్లు, హారన్లు చాలావరకు ఇలాగే తగిలిస్తారు. బిగించేవాడికి అది సులువు, కాలితే మనకు ప్రమాదం. అవి కూడా కావని తేలితే మిగిలేది ఆల్టర్నేటరు. దానిలోని డయోడు చెడితే కరెంటు వెనక్కు కారిపోతుంది. మీటరు తీసివేసి, ఎర్తు విప్పే ఉంచి, ఆల్టర్నేటరు లావు వైరు విప్పి టేపు చుట్టి, మళ్ళీ మీటరు పెట్టి చూడండి. అంకె పడితే దానిని ఆటో ఎలక్ట్రీషియనుకు చూపించవలసినదే.

బ్యాటరీలోనే దోషమైతే, మూతలు ఉన్న రకానికి హైడ్రోమీటరుతో ఆరు గదులనూ వేర్వేరుగా చూడవలెను. అయిదు గదులు 1.250 చూపి ఒకటి 1.180 చూపితే ఆ గది చెడినట్టు. ఎంత ఛార్జి చేసినా లాభం లేదు. అన్నీ సమానంగా తక్కువ ఉంటే ఆశ ఉన్నది, నిదానంగా ఛార్జి చేయించి చూడండి. మరొక చిన్న కారణం చాలామంది పట్టించుకోరు. బ్యాటరీ నెత్తిన దుమ్ము, చెమ్మ, చిందిన ఆమ్లం కలిసి పొరగా పేరుకుంటే, ఆ పొర మీదుగానే కరెంటు ఒక టెర్మినల్ నుంచి రెండవదానికి పాకుతుంది. మీటరు ఒక మొన నెగెటివ్ మీద, రెండవ మొన బ్యాటరీ పైభాగపు మురికి మీద ఆనిస్తే వోల్టులు కనబడతాయి. మూతలు గట్టిగా బిగించి, తినే సోడా కలిపిన నీటితో రుద్ది, మంచినీటితో కడిగి తుడవండి. సోడా నీరు ఒక్క చుక్క కూడా లోపలికి పోరాదు.

ఇక ఎండ మాట. చలి దేశాలలో కార్లను శీతకాలమంతా మూలపడేసి వసంతంలో బయటికి తీస్తారు. అక్కడి భయం ఖాళీ బ్యాటరీ గడ్డకట్టి పగిలిపోతుందని. మనకు అది లేదు గాని అంతకంటె నెమ్మదిగా చంపేది ఉన్నది. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా బ్యాటరీ తనంతట తాను దిగే వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. రేకుల షెడ్డులో రోహిణీ ఎండకు బ్యాటరీ ఎంత కాగుతుందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. పైగా దిగిన బ్యాటరీ అలాగే నెలల తరబడి పడి ఉంటే పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడుతుంది. తరువాత ఛార్జి పెట్టినా అది పూర్తిగా కరగదు. ఆ మేరకు బ్యాటరీ శక్తి శాశ్వతంగా పోతుంది.

ఛార్జి ఎక్కడం సంగతి కూడా చూడవలెను. ఇంజను వేగంగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. 12.5 దగ్గరే ఆగిపోతే ముందు ఫ్యాన్ బెల్టు వదులు చూడండి. చివరి రోజుల్లో రాత్రుళ్ళు అదనపు లైట్లతో ట్రక్కు తోలి, సగం దిగిన బ్యాటరీతోనే షెడ్డులో పెట్టడం ఎక్కువచోట్ల జరిగేది. "రెండు రోజులకొకసారి అయిదు నిమిషాలు స్టార్టు చేస్తున్నాము కదా" అంటారు. దిగిన బ్యాటరీకి ఆ అయిదు నిమిషాలు ఏ మూలకూ చాలవు. ఇంజను పూర్తిగా వేడెక్కక ఆయిలులో చెమ్మ చేరుతుంది. గచ్చు మీద పెడితే ఛార్జి దిగుతుందన్న మాట కూడా ఇంకా వినబడుతుంది. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు అది వర్తించదు.

కనుక ట్రాక్టరు నిలబెట్టే నాడు బ్యాటరీని నిండా ఛార్జి చేసి, ఎర్తు వైరు విప్పి, వీలైతే బ్యాటరీనే తీసి నీడ పట్టున ఉంచండి. విప్పేటప్పుడు ఎర్తు ముందు, బిగించేటప్పుడు ఎర్తు చివర. లేకపోతే స్పానరు బాడీకి తగిలి నిప్పులు చిమ్ముతుంది. కొన్ని పాత బ్రిటిష్ ట్రాక్టర్లలో పాజిటివ్ వైరే బాడీకి ఉంటుంది, చూసుకోండి. నెలకొకసారి కొలిచి 12.4 కంటె తగ్గితే ఛార్జి పెట్టండి. 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 7.5 ఆంపియర్లు మించవద్దు. గాలి ఆడే చోట పెట్టండి, దగ్గర బీడీ వెలిగించరాదు. ఛార్జింగులో పుట్టే వాయువు పేలుతుంది. పలకలు మునిగి ఉండేటట్లు డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయండి. బోరు నీరు వద్దు, ఆమ్లం అసలే వద్దు.

ఒక్క హెచ్చరిక గట్టిగా చెప్పవలసి ఉన్నది. సెల్ఫ్ తిరగలేదని నేల మీద నిలబడి స్టార్టరు మోటారు పాయింట్లను స్క్రూడ్రైవరుతో కలిపేవారు ఉన్నారు. గేరులో ఉన్న ట్రాక్టరు ఆ క్షణమే కదులుతుంది, వెనుక చక్రం ముందు నిలబడినది మనిషే. తొలకరి తొందరలో ఈ పని మీరూ చేయవద్దు, మీ పాలేరు చేత, మీ పిల్లల చేత చేయనివ్వవద్దు.

రోహిణి కార్తెలోనే ఒక సాయంత్రం బ్యాటరీ బిగించి, క్లాంపులు కదలకుండా చూసి, పైన కొంచెం పెట్రోలియం జెల్లీ రాసి, సీటులో కూర్చొని సెల్ఫ్ కొట్టి చూడండి. ఏ లోపం ఉన్నా అప్పటికింకా షాపులో రద్దీ మొదలై ఉండదు.