నగరంలో చదివే మన పిల్లలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం పంతులు తెలుగులో మొదలుపెట్టాడేమిటని ముందు వరుసలో కొందరు బుజుర్గులు నవ్వుకుంటున్నారు. మన వార్షిక సంచికను ఇళ్లలో చదివేది ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ కదా. వాళ్లలో చాలామంది తెలుగు బడిలో చదువుకున్నవారే. అందుకని తెలుగే మేలనుకున్నాను.

కార్యదర్శి గారు నాకప్పగించిన విషయం “నగరంలో కాలేజీ చదువు, లాభనష్టాలు”. నష్టాల సంగతి నేను చెప్పనక్కర లేదు. పిల్లవాడికి హైదరాబాదులో సీటు వచ్చిందనగానే ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ వాటినే ఏకరువు పెడతాడు. సినిమాలు, సావాసాలు, ఫోను, ఖర్చు వగైరా. లాభాల పద్దులో మాత్రం మనం ఒక్క డిగ్రీనే రాసుకుంటాం. ఆ డిగ్రీ కోసమే అయితే మహబూబ్‌నగర్‌లోనూ కాలేజీలున్నాయి, యూనివర్సిటీ కూడా ఉంది. మరి హైదరాబాదుకు పంపినందుకు అదనంగా ఏం వచ్చింది? నేను మాట్లాడదలచుకున్నది ఆ అదనం గురించే.

మా బడిలో చదివిన అబ్బాయి ఒకడు హాస్టల్లో ఉండి డిగ్రీ పూర్తి చేసుకొని వచ్చాడు. మంచివాడు, నమాజీ, మార్కులూ బాగానే వచ్చాయి. మాటల్లో “అఫ్జల్‌గంజ్ లైబ్రరీ చూశావా బేటా?” అని అడిగాను. “బస్సులోంచి చూశాను సార్” అన్నాడు. మూడేళ్లలో అతను ఎరిగిన హైదరాబాదు అంతా కలిపి హాస్టలు గది, క్లాసు, అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటరు, పండగలకు ఇంటికి వచ్చేటప్పుడు కాచిగూడ స్టేషను. తప్పు అతనిది కాదు. వారం వారం ఇంటినుంచి వెళ్లే ఫోనులో మనం అడిగేవి నాలుగే ప్రశ్నలు: తిన్నావా, నమాజు చదివావా, క్లాసుకు వెళ్లావా, డబ్బులున్నాయా. “ఈ వారం ఎక్కడెక్కడికి వెళ్లావు?” అని అడిగామంటే అది అనుమానం వచ్చినప్పుడే!

ఆ అబ్బాయి బస్సులోంచి చూసిన లైబ్రరీ 1891లో ఆసఫియా కుతుబ్‌ఖానాగా మొదలైంది. మూసీ ఒడ్డున ఇప్పుడున్న కట్టడంలోకి 1936లో వచ్చింది. ఉర్దూ, ఫార్సీ, అరబీ, తెలుగు, ఇంగ్లీషు, ఏ భాష పుస్తకాలైనా అక్కడున్నాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వందల సంఖ్యలో పొద్దుటినుంచి అక్కడే కూర్చుంటారు. ఒక పేద పిల్లవాడికి కోచింగ్ సెంటరు ఫీజు లేకుండా, తనలాంటివాళ్ల మధ్య కూర్చొని చదువుకోవడానికి కుర్చీ దొరకడమంటే చిన్న విషయం కాదు. పక్కవాడు ఏ పుస్తకం చదువుతున్నాడు, ఏ నోటిఫికేషను పడింది, ఏ పరీక్షకు ఎట్లా తయారు కావాలి, ఇవన్నీ అక్కడి మాటల్లోనే తెలుస్తాయి. మన ఊళ్లో ఈ సంగతులు చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నారు?

నగరం విద్యార్థికి ఏం చేయగలదో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు. 1931లో హనుమాజీపేటలో పుట్టారు. అప్పటి నిజాం రాజ్యంలో చదువంతా ఉర్దూలోనే. ఆయన కూడా బి.ఎ. దాకా ఉర్దూ మీడియం విద్యార్థే. పై చదువుకు హైదరాబాదు వచ్చాక సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెళ్లి తెలుగు కావ్యాలు చదువుకున్నారు. 1901లో స్థాపించిన గ్రంథాలయం అది. క్లాసు గదిలో దొరకని తెలుగు ఆయనకు బజారు వీధిలో దొరికింది. ఆ ఉర్దూ మీడియం విద్యార్థికే తర్వాత ఉస్మానియాలో తెలుగు ఆచార్య పదవి, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం. నా విద్యార్థులు “సార్, మనం ఉర్దూ మీడియం వాళ్లం, మనకేం వస్తుంది” అన్నప్పుడల్లా ఈ కథే చెబుతాను. ఆయనకు తెలుగు దొరికినట్టే మన పిల్లలకు అవసరమైన ఇంగ్లీషూ దొరకవచ్చు. దానికోసం గది విడిచి బయటికి వెళ్లాలి.

ఇక ఉస్మానియా సంగతి. 1918లో నెలకొన్నప్పుడు పై చదువులన్నీ ఒక దేశభాషలో, అంటే ఉర్దూలో, చెప్పిన విశ్వవిద్యాలయం అది. వైద్యం, ఇంజనీరింగు పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అని ప్రత్యేకంగా ఒక శాఖే పెట్టారు. మొదట్లో క్లాసులు నగరం నడిబొడ్డున అద్దె ఇళ్లలో జరిగేవి. మనం ఫోటోల్లో చూసే ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది 1939 డిసెంబరులో. కాంపస్ ఆవరణలోనే దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. 1888 నాటి సంస్థ. అరబీ రాతప్రతులను పరిష్కరించి అచ్చు వేయడం దాని పని. ఆ పుస్తకాలు దేశదేశాల పండితులకు చేరాయి. మదర్సాలో అరబీ నేర్చుకొని డిగ్రీకి వెళ్లిన పిల్లలు మనలో ఉన్నారు. నడిచి వెళ్లే దూరంలో ఉన్న ఆ చోటికి వాళ్లలో ఎందరు పోయి ఉంటారు?

ఇక్కడ రైలు మాట ఒకటి చెప్పాలి. మనం ఇక్కడ రైలెక్కి కాచిగూడలో దిగుతాం. అక్కడినుంచి ఎం.ఎం.టి.ఎస్. లో విద్యానగర్ దాటితే జామియా ఉస్మానియా, ఆ తర్వాత ఆర్ట్స్ కాలేజీ. స్టేషన్ల పేర్లే అవి! అదే లైనులో వెనక్కు వస్తే మలక్‌పేట, దబీర్‌పురా, యాకుత్‌పురా. అంటే కాంపస్ నుంచి పాతబస్తీకి రైలు ఉంది, టికెట్టు ధర బహు స్వల్పం. బండ్లు తక్కువ, వేళలు చూసుకొని పోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, కాబట్టి జుమా నాడు పోయి తలుపు చూసి రావద్దు. చరిత్ర చదివే పిల్లలు అక్కడ గడియారం గంటలు కొట్టడం చూసి తిరిగొచ్చేస్తారు. అసలు చూడవలసింది రాతప్రతులు. లా చదివేవాళ్లకు హైకోర్టు అక్కడికి దగ్గరే. పాసు తీసుకొని ఒక పూట వెనక బెంచీలో కూర్చుంటే వాదన ఎట్లా చేస్తారో కళ్లారా చూడవచ్చు. సైన్సు విద్యార్థులకు బేగంపేటలో రోనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఉంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన కనుక్కొన్నది 1897 ఆగస్టులో, మన సికింద్రాబాదులోనే. ఉర్దూ సాహిత్యం వాళ్లు పంజగుట్టలో ఐవానె ఉర్దూ చూడాలి. డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు 1931లో స్థాపించిన ఇదారా అది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. బేరం చేయడం వస్తే నెల ఖర్చులో నాలుగు పుస్తకాలు మిగులుతాయి.

ఇప్పుడు మన ఆడపిల్లల విషయం. సభలో తల్లులున్నారు, నిష్ఠూరంగా ఉన్నా వినాలి. కోఠిలో వెనుకటి రెసిడెన్సీ భవనంలో నడిచిన ఉస్మానియా మహిళా కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆ గేటు బయటికి వస్తే పుస్తకాల దుకాణాలు, పక్కనే సుల్తాన్ బజారు, ఇంకొంచెం నడిస్తే అఫ్జల్‌గంజ్ లైబ్రరీ, వంతెన దాటితే మ్యూజియం. దేశంలో ఇంత చుట్టుబలం ఉన్న ఆడపిల్లల కాలేజీలు అరుదు. పైగా 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆర్.టి.సి. సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అయినా మన పిల్లలు గదిలోనే కూర్చుంటారు, ఎందుకంటే బయటికి వెళ్లినట్టు తెలిస్తే అబ్బా చదువు మాన్పిస్తారని భయం. పగటిపూట, ఇద్దరు ముగ్గురు కలిసి, చెప్పి వెళ్లి చెప్పిన వేళకు వచ్చేటట్టు ఒప్పుకోవడంలో పోయే పరువేమీ లేదని నా అభిప్రాయం. బజారులో బట్టలు కొనడానికి మనమే తీసుకుపోతాం కదా, లైబ్రరీకి పోతే ఏమిటి?

నగరం అందరికీ సమానంగా తలుపు తీస్తుందని నేననను. కాంపస్ బయట గది వెతికితే పేరు వినగానే “ఖాళీ లేదు” అనే ఇళ్లున్నాయి. మన పిల్లలు ఆ మాట విని తలవంచుకొని వచ్చిన సంగతి మనకు తెలుసు. అందుకే హాస్టలు సీటు విలువ ఇంకా పెద్దది. అక్కడ మెస్సులో ఒకే బల్ల దగ్గర ఆదిలాబాదు గిరిజన పిల్లవాడు, నల్లగొండ రైతు కొడుకు, మనవాడూ కూర్చుంటారు. ఇక్కడ మొహల్లాలో పుట్టి మొహల్లాలోనే పెరిగినవాడికి ఆ సహవాసం కొత్త. 1969లోనూ 2009లోనూ ఉస్మానియా విద్యార్థులు ఉద్యమంలోకి వచ్చింది ఇట్లాంటి హాస్టళ్లనుంచే. అందులో మంచిచెడ్డల మీద ఎవరి అభిప్రాయం వారిది.

ఇంకొకటి, రాత్రిపూట బండి మీద భోజనం పొట్లాలు చేరవేసి సంపాదించుకునే పిల్లలున్నారు. కష్టపడి తినడం హలాలే, నేను తప్పు పట్టను. కాని అర్ధరాత్రి దాకా తిరిగినవాడు పొద్దున క్లాసులో నిద్రపోతాడు, ప్రమాదాలు వేరు. వాళ్లు ఆ పని చేసేది చాలావరకు చేతిఖర్చుకే. మన సంఘం స్కాలర్‌షిప్పు ఫీజుకు, మెస్సు బిల్లుకు సరిపోతుంది. దారిఖర్చుకు, లైబ్రరీ డిపాజిట్టుకు, రెండు పుస్తకాలకు అందులో చోటు లేదు.

కనుక కార్యవర్గానికి నా మనవి. వచ్చే ఏడాది స్కాలర్‌షిప్పు పొందే ప్రతి విద్యార్థికీ మగపిల్లలైతే సిటీ బస్ పాసు, అందరికీ ఒక గ్రంథాలయ సభ్యత్వం సంఘం తరఫున ఇప్పించండి. జకాతు పద్దులోంచి వద్దు, ఆ లెక్క వేరు, ఉలమాలను అడగాలి. చందాల పద్దులోంచి ఇవ్వవచ్చు. వార్షిక సభకు హాలు అలంకరణకయ్యే ఖర్చు కొంత తగ్గించుకున్నా సరిపోతుందని కోశాధికారి గారు ఇందాక నా చెవిలో అన్నారు. కొత్తగా చేరే పిల్లలను మొదటి ఆదివారం నగరంలో పై చదువు చదివే సీనియర్లు వెంటబెట్టుకొని అఫ్జల్‌గంజ్, సుల్తాన్ బజారు చూపించి రావాలి. అందుకు ఈ సభలోనే ముగ్గురు పేర్లిచ్చారు. ఆడపిల్లల వెంట వెళ్లడానికి ఇద్దరు టీచరమ్మలు కావాలి. ఒకరు ఒప్పుకున్నారు, ఇంకొకరి పేరు కోసం సభ అయ్యాక నేను గేటు దగ్గరే నిలబడి ఉంటాను.