గుమ్మం ముందు ఆరడుగులు

(రాత్రి బడిలో ఒక టీచరమ్మ చేసిన ప్రసంగం)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్ళారా!



మీరంతా పొద్దంతా కలుపు తీసి వచ్చారు. బడి గుమ్మం దగ్గర కాళ్ళు దులుపుకొని లోపలికి వచ్చారు. అయినా చూడండి, చాప నిండా మట్టే. మన నల్లరేగడి అలాంటిది. తడిస్తే కాలికి చెప్పులాగా అంటుకుంటుంది.

నిన్న మనం చదివిన మాట గుర్తుందా? గడప. గ, డ, ప. మూడే అక్షరాలు. చదవడం మీకు వచ్చేసింది. ఈ రోజు ఆ గడప గురించి, దాని ముందున్న చోటు గురించి మాట్లాడుకుందాం.

"టీచరమ్మా, నువ్వు మేస్త్రీవా?" అని మీరు అడగొచ్చు. కాదు. నేను టీచర్ ట్రైనింగ్ చదివినదాన్ని, అంతే. కాని మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. వినండి.

మా అన్న పెళ్ళికి మా నాన్న వసారాలో కొత్త టైల్సు వేయించాడు. పాత నాపరాళ్ళు పీకించేశాడు. టైల్సు అద్దంలా మెరిశాయి. వచ్చిన చుట్టాలందరూ మెచ్చుకున్నారు. మా అమ్మ ఒక్కతే, "జారుతుందేమోనయ్యా" అంది. "నీకేం తెలుసు, ఊరుకో" అన్నారు. ఊరుకుంది.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. అమ్మ బిందె చంకన పెట్టుకొని మెట్టెక్కింది. తడి టైలు మీద బురద కాలు పడింది. జర్రున జారింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆరు వారాలు కట్టు. అన్నం కలుపుకోలేదు. జడ వేసుకోలేదు. కూలికి పోలేదు. అప్పుడు నాన్న ఏం చేశాడో తెలుసా? టైల్సు మీద గోనెసంచి పరిచాడు. వేలు పోసి టైల్సు, వాటి మీద గోనె! అమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

అప్పట్నుంచి నేను ఒకటి గమనిస్తున్నాను. ఇంట్లోకి బురద తెచ్చేది అందరూ. కడిగేది ఆడమనిషి ఒక్కతే. గుమ్మం ముందు ఎలా ఉండాలో చెప్పేది మాత్రం మగవాళ్ళు, మేస్త్రీలు. కడిగేవాళ్ళని ఒక మాట అడగాలా, వద్దా?

మన పెద్దవాళ్ళకి ఈ తెలివి ఉండేది. వాకిట్లో కళ్ళాపి చల్లేవాళ్ళు. దుమ్ము అణిగేది. గుమ్మం పక్కన నీళ్ళు, చెంబు పెట్టేవాళ్ళు. ఎవరొచ్చినా ముందు కాళ్ళు కడుక్కోవాలి. ఆ తర్వాతే అరుగెక్కాలి. గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టేవాళ్ళు. అది శుభం కోసం. ఇంకో మేలు కూడా ఉంది. చూపు తగ్గిన ముసలమ్మకి పచ్చటి గడప బాగా కనిపిస్తుంది. కాలు తట్టుకోదు.

ఇప్పుడు ఇళ్ళు చిన్నవయ్యాయి. అరుగులు పోయాయి. రోడ్డు గుమ్మం దాకా వచ్చింది. "అంత చోటు మాకెక్కడిది టీచరమ్మా?" అంటారు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటే చాలు. వీధి వైపు నుంచి లోపలికి వస్తూ వరసగా చూద్దాం.

మొదటిది కంకర. వీధి వైపు రెండు మూడు అంగుళాల మందాన పోయండి. నడుస్తుంటేనే సగం బురద రాలిపోతుంది. ఒక పక్కగా, పిల్లలు పరిగెత్తని చోట, అరిగిపోయిన పార రేకుని నిలువుగా పాతండి. అంచు మొద్దుగా ఉండాలి. చెప్పుల అడుగు దానికి గీకితే ముద్ద మట్టి ఊడిపోతుంది.

రెండోది కాళ్ళు కడిగే బండ. రెండడుగుల గరుకు రాయి చాలు. నున్నటిది వద్దు. బండకి అరంగుళం వాలు ఇవ్వండి. వాలు గోడ వైపు ఉండకూడదు. నీళ్ళు పునాదిలోకి పోతాయి. ఎర్రమట్టిలో, ఇసుక నేలలో అయితే ఇంకుడు గుంత బాగా పనిచేస్తుంది. మన నల్లరేగడిలో నీరు తొందరగా ఇంకదు. అందుకని చిన్న కాలువ తీసి, అరటి చెట్టుకో, చేమ మొక్కలకో పారించండి.

బండ పక్కన నీళ్ళ గాబు పెడతారు కదా. దానికి మూత ఉండాలి. వారానికోసారి నీళ్ళు పారబోసి, లోపల గట్టిగా రుద్ది కడగాలి. డెంగ్యూ దోమ నిలవ నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు దోమ కావడానికి ఇంచుమించు వారం, పది రోజులు పడుతుంది. మనం వారంలోపే కడిగేస్తే దోమ పుట్టదు.

మూడోది మెట్టు. ఎత్తు 6 అంగుళాలు ఉంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా ఎక్కగలరు. పాదం పూర్తిగా ఆనాలంటే వెడల్పు 11 లేక 12 అంగుళాలు ఉండాలి. మెట్టు అంచుకి తెల్ల సున్నం గీత వేయండి. పక్క గోడకి నడుమెత్తున ఒక పైపు బిగించండి. ముసలివాళ్ళకి, కడుపుతో ఉన్నవాళ్ళకి అది పట్టు.

నాలుగోది చెప్పుల చోటు. గోడకి ఆనించి ఒక చెక్క అర చాలు. అర నేలకి జానెడు ఎత్తున ఉండాలి. కింద ఊడ్చుకోవడానికి వీలవుతుంది. తేలు దాక్కుంటే కనిపిస్తుంది. వానాకాలం చెప్పులు దులిపి చూసుకోకుండా కాలు పెట్టొద్దు.

చెప్పులంటే గుర్తొచ్చింది. "చెప్పులెందుకు, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటాంగా" అని కొందరంటారు. అక్కా, అది చాలదు. ఆరుబయట మలవిసర్జన చేసిన తడి నేలలో కొంకి పురుగు పిల్లలుంటాయి. కంటికి కనపడవు. ఉత్త కాలి చర్మంలోంచి అవి లోపలికి దూరతాయి. చివరికి పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. మనిషి పాలిపోతుంది, ఆయాసపడుతుంది. అందుకే బయట చెప్పులు వేసుకోవాలి, మరుగుదొడ్డి వాడాలి, ఇంటికొచ్చాక కాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. 2015 నుంచి నులిపురుగుల నివారణ దినం జరుపుతున్నారు. ఆ రోజు అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే బిళ్ళని పిల్లలకి తప్పకుండా మింగించండి.

అయిదోది బట్టల కొయ్య. ఇది చాలా ముఖ్యం. మగవాళ్ళు మిరపకి, పత్తికి మందు కొట్టి వస్తారు. ఆ చొక్కాతోనే లోపలికొస్తారు. చంటిపిల్ల "నాన్నా" అని ఎదురెళ్తుంది. ఎత్తుకుంటారు. చొక్కాకి అంటిన విషం పిల్ల ఒంటికి అంటదా? అందుకని బయటే ఒక కొయ్య కొట్టించండి. మందు కొట్టిన బట్టలు అక్కడే విప్పాలి. స్నానం చేశాకే పిల్లల్ని ముట్టుకోవాలి. ఆ బట్టలు వేరుగా ఉతకండి. ఉతికేటప్పుడు చేతులకి తొడుగులు వేసుకోండి. ఆ నీళ్ళు కూరపాదులకీ, బావి దగ్గరికీ, కాలువలోకీ పోనివ్వొద్దు. మందు డబ్బాలు వసారా అరలో పెట్టొద్దు. విడిగా తాళం వేసి పెట్టాలి. ఖాళీ డబ్బాలో నీళ్ళు పొయ్యడం ఎప్పటికీ వద్దు.

ఇక అందం సంగతి. అందం వద్దని నేను అనట్లేదు. గుమ్మం అందంగా ఉంటే మనసుకి హాయి. బండ పక్కన రెండు బంతి మొక్కలు, మెట్టు మీద ముగ్గు, పైన మామిడాకు తోరణం. వీటికి ఖర్చెంత? గరుకు నేల మీద కూడా ముగ్గు చక్కగా పడుతుంది. అందం కాలు జారేటట్టు ఉండకూడదు, అంతే నేను చెప్పేది.

"ఇదంతా చెప్తే మా ఆయన వింటాడా టీచరమ్మా?" అని వెనక నుంచి పిన్ని అడుగుతోంది. మంచి ప్రశ్న. మా ఇంట్లో ఎలా జరిగిందో చెప్పి ముగిస్తాను.

కట్టు విప్పాక అమ్మ కూడా రాత్రి బడికి వచ్చింది. ఆ చేత్తోనే పలక పట్టింది. మొదట్లో వేళ్ళు వణికేవి. పోయినేడు మేస్త్రీ గోడ పనికి మా ఇంటికొచ్చాడు. అమ్మ నోటితో ఏమీ చెప్పలేదు. ఒక చీటీ రాసి అతని చేతిలో పెట్టింది. "మెట్టు 6 అంగులాలు. గరుకు రాయి" అని. "అంగుళాలు" అన్న మాటలో ఒక అక్షరం తప్పు పోయింది. మేస్త్రీ చదివి నవ్వాడు. కాని 6 అన్న అంకె తప్పు కాదు కదా! నాన్న వైపు చూశాడు. నాన్న, "ఆవిడ రాసినట్టే కట్టు" అన్నాడు. పాత నాపరాళ్ళు దొడ్లో గోడకి ఆనించి ఉన్నాయి. అవే మళ్ళీ వేశారు. రాళ్ళకి రూపాయి ఖర్చు కాలేదు.

నోటిమాట గాలికి పోతుంది. కాగితం మీద అంకె నిలబడుతుంది. చదువుకుంటే ఇదే లాభం.

రేపు వచ్చేటప్పుడు ఒక పని చేయండి. మీ మెట్టు ఎత్తు కొలవండి. వెడల్పు కొలవండి. స్కేలు లేకపోతే ఒక పుల్లని మెట్టు కొలతకి విరిచి తీసుకురండి. ఇక్కడ కొలుద్దాం. కింద మీ పేరు మీరే రాయాలి. తప్పులు పోయినా ఫరవాలేదు. దిద్దడానికి నేనున్నాను.

సెలవు.