ఎఫెసు: నది తరిమిన నగరం

నేటి టర్కీ పడమటి తీరంలో సెల్చుక్ అనే పట్టణాన్ని ఆనుకుని ఎఫెసు శిథిలాలున్నాయి. ఒకనాడు ఓడలు నిలిచిన ఆ రేవుకు సముద్రం ఇప్పుడు అయిదారు కిలోమీటర్ల దూరాన ఉంది. మధ్యనున్న పొలాలన్నీ కేస్టర్ నది వేసిన ఒండ్రే. ఈ నగర చరిత్రలో రాజులకూ దండయాత్రలకూ కొదవ లేదు. అయినా ఊరు ఎక్కడుండాలన్నది చాలావరకు తేల్చింది ఆ నదే.

క్రీ.పూ. 10వ శతాబ్ది ప్రాంతంలో గ్రీసు నుంచి అయోనియన్లు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఏథెన్స్ రాజు కోడ్రస్ కొడుకు ఆండ్రోక్లస్ వారి నాయకుడని ఐతిహ్యం. స్థానికులు కొలిచే తల్లి దేవతను వచ్చినవాళ్లు తోసిరాజనలేదు. ఆర్టెమిస్ అన్న తమ దేవత పేరుతో ఆమెనే కొలిచారు. క్రీ.పూ. 6వ శతాబ్ది మధ్యలో లిడియా రాజు క్రీసస్ ముట్టడించినప్పుడు, జనం గుడి నుంచి కోటగోడ దాకా మోకు కట్టి ఊరిని దేవతకు అప్పగించారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. మోకు క్రీసస్‌ను ఆపలేదు. కానీ అదే రాజు కొత్త ఆలయానికి స్తంభాలు సమర్పించాడు. అతని పేరు చెక్కిన ముక్కలు నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ పాలరాతి ఆలయం పొడవు సుమారు 115 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. భూకంపాల తాకిడి తగ్గుతుందని కావాలనే చిత్తడి నేలను ఎంచుకున్నారనీ, పునాదిలో దంచిన బొగ్గు పరిచి దానిపై గొర్రె ఉన్ని వేశారనీ రోమన్ రచయిత ప్లినీ చెప్పాడు. క్రీ.పూ. 356లో హెరోస్ట్రేటస్ అనేవాడు కేవలం పేరు కోసం దానికి నిప్పు పెట్టాడు. వాడి పేరెత్తకూడదని ఊరివాళ్లు శాసించారు. వాడికి కావలసింది మాత్రం దక్కింది! తిరిగి కట్టే ఖర్చు తాను భరిస్తానని అలెగ్జాండర్ క్రీ.పూ. 334లో ముందుకొస్తే, ఒక దేవుడు మరో దేవతకు కానుకలివ్వడం తగదంటూ ఎఫెసు వారు తెలివిగా తప్పించుకున్నారు. అలా సొంతంగా కట్టుకున్న గుడే సప్త అద్భుతాల జాబితాకెక్కింది.

అప్పటికే రేవు పూడిపోతోంది. క్రీ.పూ. 3వ శతాబ్ది ఆరంభంలో లైసిమాకస్ రాజు రెండు కొండల నడుమ కొత్త నగరానికి గోడ కట్టించి జనాన్ని రమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు. కుండపోత వాన కురిసే దాకా ఆగి, పాత ఊరి మురుగు కాలువలు మూయించాడట. ఇళ్లు మునిగాక జనం సంతోషంగానే కదిలారని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో కథనం.

క్రీ.పూ. 2వ శతాబ్దిలో పెర్గమం రాజు రెండో అట్టాలస్ రేవు ముఖద్వారాన్ని ఇరుకు చేస్తే లోతు పెరుగుతుందని అడ్డుకట్ట వేయించాడు. జరిగింది తలకిందులు. అంతకుముందు సముద్రపు ఆటుపోట్లు బురదను బయటికి లాగేవి. ఇప్పుడది లోపలే నిలిచిపోయింది. రోమన్లకు క్రీ.పూ. 133లో పెర్గమం రాజ్యంతో పాటు ఈ సమస్యా సంక్రమించింది. నీరో కాలంలో రాష్ట్రాధిపతి బరేయా సొరానస్ రేవు పూడిక తీయించాడు. ఆ మంచిపేరే చక్రవర్తికి కంటగింపైందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ అంటాడు. తర్వాత హాడ్రియన్ చక్రవర్తి నదినే పక్కకు మళ్లించాడు. క్రీ.శ. 2వ శతాబ్ది మధ్య నాటి ఒక శాసనం మరీ ఆసక్తికరం: రేవుగట్టు మీద కలప, రాళ్లు పేర్చవద్దు, పాలరాయి కోసిన పొడి నీళ్లలో కలపవద్దు అని అధికారి వ్యాపారులను హెచ్చరించాడు.

ఇంత అవస్థలోనూ ఎఫెసు రోమన్ల ఆసియా రాష్ట్రానికి రాజధానిగా వెలిగింది. తెలుగు బైబిలు చదివేవారికి ఈ పేరు కొత్త కాదు. అపొస్తలుడు పౌలు బోధతో తమ వెండి గుళ్ల బేరం పోతుందని దేమేత్రియు అనే కంసాలి జనాన్ని రెచ్చగొట్టగా, రంగస్థలంలో రెండు గంటలు కేకలు మారుమోగాయి. సుమారు 24,000 మంది పట్టే ఆ రాతిమెట్ల వరుసలు నేటికీ నిలిచున్నాయి. 2వ శతాబ్ది ఆరంభంలో సెల్సస్ అనే రోమన్ అధికారి పేరిట అతని కొడుకు అక్విలా కట్టించిన గ్రంథాలయం నిజానికి సమాధి కూడా. తండ్రి శవపేటిక దాని అడుగు గదిలో ఉంది.

262 ప్రాంతంలో భూకంపం, గోత్ తెగల దాడి దెబ్బతీశాయి. అయినా మరియను దైవమాతగా నిలబెట్టిన 431 నాటి క్రైస్తవ మహాసభకు వేదిక ఎఫెసే. తర్వాత రేవు బురదగుంటైంది, మలేరియా వ్యాపించింది. 7వ శతాబ్ది నుంచి జనం క్రమంగా దగ్గరలోని అయసులుక్ గుట్టకు చేరారు. 1304లో తురుష్కులు దాన్ని గెలిచారు; గుట్ట పక్కనున్న ఈసా బే మసీదు 1375 నాటిది.

ఆర్టెమిస్ ఆలయం ఎక్కడుందో కూడా మరపున పడిపోయింది. ఇంగ్లీషు ఇంజినీరు జాన్ టర్టిల్ వుడ్ 1863లో వెతుకులాట మొదలుపెట్టాడు. రంగస్థలంలో దొరికిన ఒక శాసనంలో దేవత ఊరేగింపు ఏ ద్వారాల గుండా సాగాలో రాసి ఉంది. ఆ దారి పట్టుకుని తవ్వుతూ, 1869 చివరి రోజున సుమారు ఆరు మీటర్ల ఒండ్రు కింద ఆలయపు రాతి పరుపును చేరుకున్నాడు. 1895 నుంచి ఆస్ట్రియా పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వకాలు సాగించారు. కూలిన గ్రంథాలయ ముఖభాగాన్ని 1970–78 మధ్య తిరిగి నిలబెట్టింది వారే. 2015లో యునెస్కో ఎఫెసును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.