ఇంట్లో తుపాకి ఉంటే ధైర్యమా?

"ఈ రోజుల్లో ఇంటికో పిస్తోలు ఉండాలమ్మా" అనే మాట ఆబిడ్స్ చీరల దుకాణాల్లో కూడా వినబడుతోంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2025 జనవరి 16న బీదర్‌లో ఏ.టి.ఎం. డబ్బు దోచి, మనిషిని కాల్చి చంపిన దొంగలు ఆ సాయంత్రమే మన అఫ్జల్‌గంజ్ చేరారు. రాయపూర్‌కి టిక్కెట్లడిగారు. సంచీ చూడబోయిన ట్రావెల్స్ ఉద్యోగి మీదా కాల్చారు! అవతల నాంపల్లిలో ఎగ్జిబిషన్ రోజులు. పిల్లల్ని వెంటేసుకుని మనమంతా తిరిగే రోజులు.

సరే, పిస్తోలు కొన్నామనుకోండి. పెట్టేదెక్కడ? బీరువాలోనా? తాళంచెవులు ఎక్కడుంటాయో మనకంటె పిల్లలకే బాగా తెలుసును. తూటాలు వేరే దాస్తే దొంగ వచ్చిన వేళకు అందవు. అందేలా పెడితే ముందు అందేది పిల్లవాడికే. తాగి వచ్చే మగవాళ్ళున్న ఇళ్ళ సంగతి నేను వేరే చెప్పాలా?

ఆయుధాల చట్టం 1959 నాటిది. లైసెన్సున్న మనిషికి మూడు తుపాకుల దాకా ఉండనిచ్చేవారు. 2019లో రెండుకు తగ్గించారు. నన్నడిగితే ఆ రెండూ ఎక్కువే. కాని దొంగలు లైసెన్సుకు దరఖాస్తు పెట్టరు కదా! దొంగతనంగా తుపాకులు చేసి అమ్మేవాళ్ళకు ఆ సవరణే యావజ్జీవం దాకా శిక్ష పెట్టింది. పిస్తోలు కాదు మనం అడగవలసింది. ఆ తుపాకులు ఎక్కడ తయారై, ఏ బస్సులో, ఎవరి సంచీలో మన ఊరు చేరుతున్నాయో అడగాలి.